పాత ఆర్‌ఎక్స్ 100: రోడ్డుకూ ట్రాకుకూ ఒకే బండి సాధ్యమేనా?

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో దాని మీద మోజు తగ్గకపోగా ఏటికేడు పెరుగుతోంది. 2018లో అదే పేరుతో వచ్చిన తెలుగు సినిమా ఆ మోజుకు ఇంకాస్త ఊపునిచ్చింది. ఏళ్ల తరబడి వసారాలోనో, గొడ్ల చావిడిలోనో, మేడమెట్ల కిందో పడి ఉన్న బండిని బయటికి లాగి మళ్లీ రోడ్డెక్కించాలనుకునే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. వాళ్లలో కొందరి కోరిక రోడ్డుతో ఆగదు. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో ఒక రోజు ట్రాకు మీద కూడా అదే బండిని తిప్పాలని ఉంటుంది. రోజూ పనికి వెళ్లే బండి, ట్రాకు మీద వంపులు తిరిగే బండి ఒక్కటే కాగలదా అన్నది ప్రశ్న. కాగలదనే నేనంటాను. అయితే మన షెడ్లలో మామూలుగా పని సాగే వరసను తలకిందులు చేయాలి. ముందు పెయింటు, నికెలు. తర్వాత సైలెన్సర్ మోత. ఆ తర్వాత ఇంజను పవర్. చివర్లో డబ్బు మిగిలితే బ్రేకులు, టైర్లు. ఇదీ ఇప్పటి వరస. దీన్ని చివరి నుంచి మొదలుపెట్టినవాడికి రోడ్డు బండీ ట్రాకు బండీ చాలా దూరం ఒకే దారిలో వస్తాయి. మొదటి నుంచి మొదలుపెట్టినవాడికి సాధారణంగా రెండూ దక్కవు.

ఈ బండి పుట్టుక తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. 1980ల మధ్యలో హీరో హోండా సీడీ 100, ఇండ్ సుజుకి, కావసాకి బజాజ్ లాంటి వంద సీసీ జపాన్ బళ్లు మన దేశానికి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఎస్కార్ట్స్ సంస్థ యమహాతో కలిసి 1985లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 100 వాటిలో అన్నిటికంటే చురుకైనది. 98 సీసీల టూ స్ట్రోక్ ఇంజను, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల చిల్లర. మొదట్లో భాగాలు జపాన్ నుంచి వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. పవర్ అంకెను మాత్రమే చూస్తే ఈ రోజుల్లో అది చిన్నదే. దాని గొప్పతనమంతా ఆ తక్కువ బరువులో ఉంది. తేలికైన బండికి పవర్ కొద్దిగా ఉన్నా చాలు, వంపులోకి వంచడం సులువు, ఆపడానికి తక్కువ బ్రేకు చాలు. అంటే కంపెనీవాళ్లు దీన్ని ఒక తూకంలో పెట్టి తయారు చేశారు. తూకంలో ఒక్క పవర్ వైపే బరువు పెంచితే మిగతావన్నీ చాలకుండా పోతాయి.

నిర్లక్ష్యం బండిని ఎక్కడ తింటుందో ముందు చూడాలి. తుప్పు పట్టిన టాంకు, చిరిగిన సీటు, మసకబారిన డూము అందరికీ కనిపిస్తాయి. అసలు నష్టం క్రాంక్ కేసు లోపల జరుగుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండర్లోకి వెళ్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడల్లా ఆ గదిలో పీడనం పడిపోతుంది, కిందికి దిగినప్పుడల్లా పెరుగుతుంది. ఈ గదికి రెండు పక్కలా క్రాంక్ చుట్టూ రబ్బరు ఆయిల్ సీళ్లుంటాయి. ఏళ్ల తరబడి కదలని బండిలో ఆ రబ్బరు గట్టిపడి, పెదవి దగ్గర పట్టు వదిలేస్తుంది. గేరుబాక్సు వైపు సీలు పోతే ఇంజను గేరు ఆయిల్ని లోపలికి పీల్చుకుంటుంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేరు ఆయిలు మట్టం తగ్గిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ప్రమాదకరమైనది మాగ్నెట్ వైపు సీలు. అది పోతే బయటి గాలి లోపలికి దూరి మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిపోతుంది. పొగ ఉండదు, పైగా బండి కొన్నాళ్లు మరీ చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. తర్వాత ఒకరోజు హైవే మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో పిస్టన్ వేడెక్కి సిలిండర్‌ను పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళాన బిగుసుకుంటుంది. ఊళ్లో నలభై స్పీడులో తిరిగే బండికి ఇది ఎన్నాళ్లకో జరగవచ్చు. ట్రాకు మీద నిమిషాల తరబడి ఫుల్ యాక్సిలరేటర్ పట్టే బండికి మొదటి రోజే జరగవచ్చు.

దీనికి పరీక్ష ఉంది. ఖర్చు కూడా పెద్దగా కాదు. కార్బురేటర్ తీసేసి ఆ నోరు మూయాలి, సైలెన్సర్ తగిలే రంధ్రం మూయాలి, ప్లగ్గు రంధ్రం నుంచి చిన్న చేతి పంపుతో 6 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించాలి. ముల్లు ఐదారు నిమిషాలు కదలకుండా నిలబడితే ఇంజను బిగుతుగా ఉన్నట్టు. పడిపోతుంటే సీళ్ల దగ్గర, సిలిండర్ అడుగు గాస్కెట్ దగ్గర, కార్బురేటర్ రబ్బరు జాయింటు దగ్గర సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చెబుతాయి. బోరు కొట్టించడానికి ముందు ఈ పరీక్ష చేసే షెడ్లు మన దగ్గర చాలా తక్కువ. పిస్టన్ పట్టేసిన బండి వస్తే బోరు ఒక సైజు పెంచి, కొత్త పిస్టన్ వేసి పంపేస్తారు. సీలు అలాగే ఉంటుంది కాబట్టి అదే బండి మళ్లీ పట్టేస్తుంది. సాధారణంగా ఓవర్‌సైజ్ పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ ఒక మిల్లీమీటరు దాకా వస్తాయి. ఆ నాలుగు మెట్లూ అయిపోతే సిలిండర్‌కు కొత్త స్లీవు దింపాల్సిందే. ఆ మెట్లను కారణం వెతక్కుండా ఖర్చు పెట్టేయడం తిరిగి దొరకని ఆస్తిని పారేసుకోవడమే. క్రాంక్ సంగతీ అంతే. తేమ పట్టి కనెక్టింగ్ రాడ్ బేరింగులో రోలర్లు ఆనిన చోట తుప్పు మచ్చలు పడతాయి. చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతున్నట్టుంటుంది, ఏడు వేల ఆర్‌పీఎమ్ దగ్గర అది నిలవదు. కాబట్టి ఎన్నో ఏళ్లు ఆగిపోయిన బండికి క్రాంక్ విప్పి, రాడ్ కిట్ మార్చి, డయల్ గేజీ మీద సరిచేయించడం ట్రాకు కోసం చేసే విలాసం అనుకోకూడదు, రోడ్డుకూ అదే కనీసం.

ఇంకో సంగతి ఈమధ్యే వచ్చి చేరింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. కార్బురేటర్‌కు ఈ లెక్క తెలియదు. 1985 నాటి ఇంధనానికి కట్టిన జెట్టు నుంచి ఎప్పటిలా అంతే ఇంధనం వదులుతుంది. ఫలితంగా ఎనిమిది తొమ్మిది శాతం ఇంధనం తక్కువైనట్టు అవుతుంది, ఇంజను వేడి పెరుగుతుంది. కాబట్టి అచ్చం కంపెనీ నంబరు జెట్టే వేశామని సంతోషపడితే సరిపోదు. మెయిన్ జెట్టు ఒక మెట్టు పెంచి, ఫుల్ యాక్సిలరేటర్‌లో నడిపి, ఇంజను అక్కడికక్కడే ఆపి ప్లగ్గు రంగు చూడాలి. తెల్లగా కాలితే పెట్రోలు చాలడం లేదు. కాఫీ గింజ రంగుకొస్తే సరిపోయినట్టు. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ ఓ-రింగులు కూడా ఇథనాల్‌కు ఉబ్బిపోతాయి కాబట్టి వాటిని మార్చాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు మీరితే నీళ్లతో కలిసి టాంకు అడుక్కు విడిపోతుంది. నెలకోసారి తీసే బండికి కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇక పవర్ పెంచే సంగతి. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును కొద్దిగా పైకి అరగదీయడం, హెడ్డు తగ్గించి కంప్రెషన్ పెంచడం, పెద్ద కార్బురేటర్ వేయడం, ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ తగిలించడం ఇందులో ప్రధానం. ఇవి పనిచేయవని ఎవరూ అనలేరు. టూ స్ట్రోక్ రేసింగు చరిత్రంతా వీటి చరిత్రే. తూర్పు జర్మనీలో ఎంజెడ్ సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్ పొగగొట్టంలో పరిగెత్తే పీడన తరంగాలను లెక్కగట్టి, బయటికి పోతున్న తాజా మిశ్రమాన్ని అదే తరంగంతో సిలిండర్లోకి వెనక్కి నెట్టించాడు. 1961లో ఆ జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్‌లో రేసు అయ్యాక తిరిగి వెళ్లకుండా దేశం వదిలేసి ఆ విద్యను సుజుకికి చేర్చాడు. మరుసటి ఏడే 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ సుజుకిదైంది. కానీ ఆ తరంగం ఒక ఆర్‌పీఎమ్ పరిధిలోనే సమయానికి తిరిగొస్తుంది. పోర్టు ఎంత పైకి లేస్తే పవర్ అంత పైకి పోయి, కింద అంత పలచబడుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర సెకండ్ గేరులో పాకే బండికి అది శాపం. ట్రాకు మీద కూడా కొత్త రైడరుకు ఆ సన్నని పవర్ పరిధి లాభించదు, ఎందుకంటే నాలుగు గేర్లే ఉన్న బండి వంపులోంచి బయటికొచ్చేటప్పుడు ఆ పరిధి కిందికి జారిపోతుంది. పోర్టును మిల్లీమీటరు అరగదీశాక దాన్ని వెనక్కి తేవడానికి మళ్లీ స్లీవే దారి. అందుకే ఈ పనుల్లో నేను ఒక గీత గీస్తాను. బోల్టులు విప్పితే తిరిగి పాత స్థితికి వచ్చే మార్పులు చేయవచ్చు. లోహాన్ని తీసేసే మార్పులు చేయకూడదు. ఛాంబరు తగిలించి, జెట్టు మార్చి ట్రాకు మీద తిప్పి, ఇంటికొచ్చి పాత సైలెన్సర్ వేసుకోవచ్చు. అరిగించిన సిలిండర్‌కు ఆ వీలు లేదు.

వేగానికి తగ్గ బ్రేకు లేకపోతే ఏమవుతుందో మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350 విదేశాల్లో ముందు డిస్కు బ్రేకుతో అమ్ముడైతే, 1983 నుంచి ఎస్కార్ట్స్ ఇక్కడ చేసిన బండికి ఖర్చు తగ్గించడం కోసం డ్రమ్ము బ్రేకు పెట్టారు. పవర్ తగ్గించినా హై టార్క్ రకంలో 30 హార్స్‌పవర్ పైనే ఉండేది. ఆ బండికి ఇక్కడొచ్చిన చెడ్డపేరులో సగం ఆ బ్రేకుదే. ఆర్‌ఎక్స్ 100 దానికంటే చాలా తేలిక. అయినా లెక్క ఒకటే. బండీ మనిషీ కలిపి 175 కిలోలనుకుంటే 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తి సుమారు 24 కిలోజౌళ్లు, 90లో అది దాదాపు 55. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే బ్రేకు మింగాల్సిన వేడి రెండు రెట్లు దాటుతుంది. రోడ్డు మీద గట్టి బ్రేకు ఎప్పుడో ఒకసారి పడుతుంది, తర్వాత డ్రమ్ము చల్లారడానికి సమయం ఉంటుంది. 3.7 కిలోమీటర్ల ఇరుంగట్టుకోట్టై ట్రాకులో 12 మలుపులున్నాయి, ప్రతి చుట్టులోనూ అవే మలుపుల ముందు మళ్లీ మళ్లీ బ్రేకు కొట్టాలి. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనర్ నుంచి దూరం జరుగుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. దీన్ని పూర్తిగా మాన్పలేం కానీ చాలా వరకు అదుపులో పెట్టవచ్చు. ముందు డ్రమ్ము గుండ్రం పోయిందేమో కొలిపించి, అవసరమైతే లేతు మీద సన్నగా టర్నింగ్ చేయించాలి. లైనర్ మీద సుద్ద రాసి చక్రం తిప్పి బ్రేకు పట్టిస్తే ఎక్కడ ఆనుతోందో సుద్ద చెరిగిన చోటే చెబుతుంది. చివర్లో మాత్రమే ఆనుతుంటే ఆ ఎత్తులు రాకి మొత్తం ముఖం ఆనేలా చేయాలి. బ్రేకు పట్టినప్పుడు కేబులుకూ చిన్న లీవరుకూ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండాలి. కొత్త కేబులు తప్పనిసరి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. కాబట్టి ఆ దుమ్మును గాలి పంపుతో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఈ చివరి మాట షెడ్డులో పనిచేసే పిల్లల ఊపిరితిత్తులకు సంబంధించింది.

ఫ్రేము వైపు పనుల్లో గొప్ప రహస్యాలేమీ లేవు. హ్యాండిల్ మధ్యలో టక్కున ఆగుతుంటే బాల్ రేసులు మార్చాలి. స్వింగార్మ్ బుష్షులు అరిగితే చక్రం వంపులో పక్కకు నడుస్తుంది. ఫోర్కు పైపులు వంగాయేమో చూసి, ఆయిలు, సీళ్లు మార్చాలి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరును ట్రాకు మీదికి తీసుకెళ్లకూడదు. ఇవన్నీ కలిపినా ఖర్చు మంచి పెయింటు, నికెలు పనికయ్యేదాన్ని మించకపోవచ్చు. బండి నడకలో తెచ్చే తేడా మాత్రం ఏ ఇంజను పనీ తేలేనిది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. రోడ్డుకు మెత్తదనం కావాలి, ట్రాకుకు బిగువు కావాలి, రెంటినీ ఒకే బండిలో ఇమిడిస్తే రెండూ సగం సగమే దక్కుతాయని అనుభవమున్న రేసర్లు అంటారు. పోటీకి వెళ్లేవాడి విషయంలో అది నూటికి నూరుపాళ్లూ నిజం. సెకనులో పదో వంతు కోసం పోరాడేవాడు వేరే బండి కట్టుకోవాల్సిందే. కానీ పోటీ లేకుండా ఒక రోజు ట్రాకు మీద తిప్పేవాడి అవసరం అది కాదు. వాడికి కావాల్సింది రోజంతా పట్టేయకుండా తిరిగే ఇంజను, ప్రతి చుట్టులోనూ ఒకేలా పట్టే బ్రేకు, వంపులో ఎటు చూపితే అటు వెళ్లే చక్రాలు. వర్షంలో శ్రీశైలం ఘాటు దిగేవాడికి కావాల్సిందీ ఇదే. మిగిలే తేడాలు చిన్నవి. అద్దాలు, ఇండికేటర్లు విప్పి, హెడ్‌లైటు గాజుకు టేపు వేసి, ఆయిలు బోల్టును ఊడిపోకుండా తీగతో కట్టి, టైరు గాలి సరిచేసుకోవడం ఒక ఉదయం పని. ఆయిలు విషయంలో ఒక్క జాగ్రత్త ఉంది. యమహా ఆటోల్యూబ్ పంపు యాక్సిలరేటర్‌ను బట్టి, ఆర్‌పీఎమ్‌ను బట్టి ఆయిలు పంపుతుంది. రేసు బండి అనగానే చాలామంది దాన్ని పీకేసి టాంకులోనే ఆయిలు కలుపుతారు. అలా కలిపిన బండితో పొడవైన దిగుడులో యాక్సిలరేటర్ మూసి ఇంజను బ్రేకుతో వస్తే, పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగిపోతుంది. పంపును ఉంచి, దాని కేబులు సరిగ్గా కట్టి, ట్రాకు రోజున మాత్రం టాంకులో కొద్దిగా ఆయిలు అదనంగా కలపడం రెండు చోట్లకూ సరిపోయే పద్ధతి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంత ఖర్చు, ఇంత శ్రమ పెట్టే బదులు ఒక కొత్త 200 సీసీ ఫోర్ స్ట్రోక్ కొనుక్కుంటే డిస్కు బ్రేకు, ఏబీఎస్, తక్కువ పొగ, ఎక్కువ వేగం అన్నీ వస్తాయి కదా? వస్తాయి. 125 సీసీ దాటిన కొత్త బళ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, అది ప్రాణాలు కాపాడే వస్తువు. ఇంట్లో ఒకే బండి ఉండి, దాని మీదే పిల్లల్ని బడికి దించాల్సినవాళ్లకు కొత్త బండే మేలు. పొగ విషయంలోనూ టూ స్ట్రోక్‌ను వెనకేసుకురావడం కష్టం. ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉన్నప్పుడే తాజా మిశ్రమం లోపలికొస్తుంది కనుక అందులో కొంత కాలకుండానే బయటికి పోతుంది. 1996 నాటి ఉద్గార నియమాలతోనే ఈ బండి కాలం చెల్లడానికి మూలం ఇదే. అందుకే 2000కు ముందు నాటి టూ స్ట్రోక్ బళ్లకు పొల్యూషన్ పరీక్షలో 9,000 పీపీఎమ్ దాకా హైడ్రోకార్బన్లను అనుమతించారు. ఇవన్నీ ఒప్పుకున్నా, వారానికోసారి తిరిగే బండి విషయంలో నా మాట మారదు. కొత్త బండి తక్కువ తెలిసినవాణ్ని కూడా భద్రంగా నడిపిస్తుంది. 11 హార్స్‌పవర్ బండి మాత్రం వంపులోకి వెళ్లే వేగాన్ని చేజార్చుకోకుండా ఎలా నిలుపుకోవాలో నేర్పుతుంది, ఎందుకంటే చేజారిన వేగాన్ని మళ్లీ తెచ్చివ్వడానికి దాని దగ్గర పవర్ లేదు. ఆరోగ్యంగా ఉన్న సీళ్లు, సరైన జెట్టు, లెక్క తప్పని ఆయిలు పంపు ఉన్న ఆర్‌ఎక్స్, నిర్లక్ష్యంగా తిరిగే ఆర్‌ఎక్స్ కంటే చాలా తక్కువ పొగ వదులుతుంది కూడా.

అసలుదనం కోరేవాళ్లది మూడో వాదన. ట్రాకుకు తీసుకెళ్తే అసలు భాగాలు పాడవుతాయని, బండి అద్దాల గదిలో ఉండాల్సిన వస్తువని వాళ్లు భావిస్తారు. వాళ్ల ఆందోళనలో న్యాయం ఉంది, ఎందుకంటే కంపెనీ భాగాలు అరుదైపోయాయి. డూప్లికేట్ పిస్టన్లు, రింగులు, రాడ్ కిట్లు మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల కావలసినన్ని. పైకి అచ్చం అలాగే ఉంటాయి, లోహం వేరు. అయితే ఈ కొరతకు మందు బండిని కదపకుండా పెట్టడం కాదు, అరిగే భాగాలనూ అరగని భాగాలనూ విడదీయడం. అసలు సైలెన్సర్, సైడు కవర్లు, మీటరు, టాంకు తీసి భద్రపరచి, ట్రాకు మీద ప్రత్యామ్నాయాలు వాడవచ్చు. పిస్టన్, లైనర్, చైన్ సెట్టు ఎలాగూ మారాల్సినవే. వాటి విషయంలో డబ్బాపై ముద్రను నమ్మకుండా మైక్రోమీటరుతో కొలిచి, సిలిండర్‌ను ఆ కొలతకు బోరు చేయించాలి. పిస్టన్ చేతిలో లేకుండా బోరు కొట్టించకూడదన్నది పాత లేతు మేస్త్రీల నియమం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంకా ఆ చేతులున్నాయి. డ్రమ్ము టర్నింగ్, స్లీవు దింపడం, క్రాంక్ ప్రెస్సింగ్ లాంటి పనులు తెలిసిన ఆ మేస్త్రీలకు టూ స్ట్రోక్ పని తగ్గిపోతోంది. బళ్లు నడుస్తుంటేనే వాళ్ల దగ్గర కొత్త కుర్రాళ్లు ఆ పని నేర్చుకుంటారు. అద్దాల గదిలో బండికి లేతు అక్కర్లేదు.

చట్టం కూడా ఈ వరసకే మొగ్గుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది. సీసీ పెంచడం, వేరే బండి ఇంజను వేయడం, ఫ్రేము కోయడం ఈ గీత దాటుతాయి. డిస్కు బ్రేకు కోసం వేరే బండి ఫోర్కు మొత్తం తెచ్చి వేయడం కూడా నా ఉద్దేశంలో మంచిది కాదు. ఫోర్కు పొడవు మారితే ముందు చక్రం కోణం మారి, బండి స్వభావమే మారిపోతుంది. మోత ఛాంబరు ట్రాకు దాటి రోడ్డెక్కకూడదు. వింటేజ్ గుర్తింపు వచ్చేదాకా ఆగుదామనుకునేవాళ్లు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలను ఒకసారి చదవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఫ్రేము, బాడీ, ఇంజను మార్పులు లేకుండా ఉన్న బళ్లకే ఆ గుర్తింపు. 20,000 రూపాయలు కట్టాలి, వచ్చాక ప్రదర్శనకూ ర్యాలీకీ మరమ్మతుకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. 1985 నాటి తొలి ఆర్‌ఎక్స్‌కు కూడా 2035 దాకా ఆ అర్హత రాదు. నడపడానికే బండిని బాగుచేసేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. కాబట్టి షెడ్డుకు ఇచ్చే ముందే ఆర్‌సీ మీది ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీది వాటితో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. ఏళ్ల తరబడి పడి ఉన్న బండికి గడువు ఎప్పుడు దాటిందో ఆర్‌టీఏ ఆఫీసులో తెలుసుకుని, ఆ ఖర్చును కూడా మొదటి రోజు లెక్కలోనే వేసుకోవాలి.